తిరుపతి నుంచి బెంగళూరుకు 1951 నాటి ఎంజీ టీడీ: మొగిలి ఘాటు కోసం సిద్ధం చేసిన కారు డైరీ

ఫిబ్రవరిలో బెంగళూరులో జరిగే పాత కార్ల అభిమానుల సమావేశానికి మా 1951 నాటి ఎంజీ టీడీని లారీ మీద ఎక్కించి పంపకూడదని, దాని చక్రాల మీదనే నడుపుకుంటూ తీసుకుపోవాలని పని మొదలుపెట్టినప్పుడే నిర్ణయించుకున్నాను. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా బెంగళూరు దాదాపు 250 కిలోమీటర్లు. కొత్త కారుకు ఈ దూరం ఒక లెక్కలోనిది కాదు. కానీ 54 హార్స్‌పవర్ ఇంజన్, ఒత్తిడి మూత లేని రేడియేటర్, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు ఉన్న ఈ కారుకు బంగారుపాళ్యం దాటాక వచ్చే మొగిలి ఘాటు అసలైన పరీక్ష. చిత్తూరు సముద్ర మట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తులో ఉంది. పోయేటప్పుడు ఎక్కాలి, వచ్చేటప్పుడు దిగాలి. అందువల్ల ఏ పని చేపట్టినా ముందు ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది ఘాటు ఎక్కడానికో దిగడానికో పనికివస్తుందా? రంగు, మెరుగు, క్రోమియం పూత ఆ తర్వాతి సంగతి.

కారు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్‌కు చెందిన ఈ సంస్థకు 1922లో మేనేజరైన సెసిల్ కింబర్, మామూలు మోరిస్ కార్ల భాగాల మీద తేలికైన స్పోర్ట్స్ బాడీలు కట్టించి ఆ పేరుకు విలువ తెచ్చాడు. 1929లో కర్మాగారం ఆబింగ్డన్‌కు మారి, 1980లో మూతపడే దాకా అక్కడే నడిచింది. టీడీ అనే ఈ మోడలు 1949 చివరి నుంచి 1953 వరకు తయారైంది. మొత్తం 30,000కు కొంచెం తక్కువగా తయారైతే, వాటిలో చాలా భాగం అమెరికాకే వెళ్లాయి. అంతకు ముందు వచ్చిన టీసీలో లేని రెండు సౌకర్యాలు, అంటే ముందు చక్రాలకు వేటికవే కదిలే స్ప్రింగులు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, టీడీలో చేరాయి. ఆ ముందు సస్పెన్షన్ రూపకల్పనలో తర్వాతి కాలంలో మినీ కారును సృష్టించిన అలెక్ ఇస్సిగోనిస్ పాత్ర ఉంది. తీగల చక్రాలు తీసేసి 15 అంగుళాల రేకు చక్రాలు పెట్టారని అప్పట్లో కొందరు అభిమానులు నొచ్చుకున్నారు. మన రోడ్ల మీద నడిపిన తర్వాత నేను ఆ రేకు చక్రాల పక్షమే. తీగలు వదులవుతాయన్న బెంగ లేకుండా గుంతలో పడి లేచే చక్రం ఘాటు రోడ్డు మీద ఇచ్చే ధైర్యం చిన్నది కాదు.

జూన్: చెక్క పని

టీడీ ఛాసిస్ ఉక్కుదే అయినా, దాని మీద కూర్చునే బాడీకి లోపల చెక్క చట్రం ఉంటుంది. ఇంగ్లండులో ఆష్ అనే చెట్టు కలపతో ఆ చట్రం చేసి, దాని మీద రేకును చిన్న మేకులతో బిగించేవారు. ఆష్ వంగుతుంది, అదురును తట్టుకుంటుంది, తొందరగా చీలదు. మా కారు చాలా ఏళ్లు చిత్తూరు దగ్గర ఒక మామిడి తోట షెడ్డులో నిలిచిపోవడం వల్ల తలుపుల కింద పొడవునా ఉండే దూలం, తలుపు బందులు పట్టే నిలువు కాళ్లు కింది భాగంలో చివికిపోయి, వేలితో నొక్కితే పొడి రాలేంతగా ఉన్నాయి.

ఈ కారుకు బందుల కాళ్లు అలంకారం కాదు, ప్రాణరక్షణకు సంబంధించినవి. టీడీ తలుపుల బందులు వెనుక వైపున ఉంటాయి, తలుపు ముందు అంచు నుంచి తెరుచుకుంటుంది. కారు వేగంగా పోతున్నప్పుడు గడియ వదిలితే ఎదురుగాలి ఆ తలుపును మూయదు సరికదా, పూర్తిగా విసిరి తెరుస్తుంది. కాలు చివికి తలుపు ఒక్క అర అంగుళం వేలాడినా గడియ తన గూట్లో సరిగ్గా కూర్చోదు. అందుకే చెక్క పనిలో తొందరపడలేదు.

ఈ పని చేసింది చంద్రగిరి వైపు ఊళ్లలో గుడి రథాలు బాగుచేసే వడ్రంగి ఆచారి గారు. చివికిన ముక్కలను ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "సార్, ఈ కలప మన దగ్గర దొరకదు. టేకు పెడదాం. చెద పట్టదు, ఎండకూ వానకూ కదలదు. కాని అదిరే చోట టేకు తొందరగా చీలతాది, అతుకు వెడల్పు పెంచాల," అన్నారు. రథం ఇరుసు మీద బరువు పడే చోట ఏం చేస్తారో ఇక్కడా అదే చేశారు. ఒక ముక్క చివరను సన్నగా చెక్కి, రెండో ముక్కలో తొలిచిన గూట్లోకి దించి, అడ్డంగా చెక్క చీల కొట్టారు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి జిగురు పూయడానికి ముందు ప్రతి అతుకునూ ఎసిటోన్‌తో తుడిచాం. అలా తుడవకపోతే ఎపాక్సీ గట్టిపడుతుంది గాని కలపను పట్టుకోదు. మరలన్నీ ఇత్తడివే వాడాం. ఇనుప మర తుప్పు పట్టి చుట్టూ ఉన్న కలపను నల్లగా తినేయడం పాత ముక్కల్లో కళ్లారా చూశాం.

పాత ముక్కల కొలతల మీద మాత్రమే ఆధారపడితే కుదరదు, ఎందుకంటే అవి కుంగి, ఎండి, కురచబోయాయి. రేకును తాత్కాలికంగా బిగించి, తలుపును వేలాడదీసి, సందు పైనుంచి కిందిదాకా ఒకే మందంగా ఉందో లేదో చూసి, విప్పి, చెక్కి, మళ్లీ బిగించడమే దారి. చివరికి తలుపును రెండు వేళ్లతో తోస్తే గడియ ఒక్క శబ్దంతో పడింది. ఆచారి గారు ఆ శబ్దం విన్నాకే పనిముట్లు సర్దుకున్నారు.

జూలై, ఆగస్టు: ఇంజన్

ఎక్స్‌పీఏజీ అని పిలిచే ఈ ఇంజన్ 1250 సీసీది. సిలిండర్ వ్యాసం 66.5 మిల్లీమీటర్లు, పిస్టన్ కదలిక 90 మిల్లీమీటర్లు. అంటే సన్నగా పొడుగ్గా ఉండే సిలిండర్లు. పిస్టన్ల కదలికను చక్రాలకు అందే తిప్పుడుగా మార్చే క్రాంక్ షాఫ్టు మూడే మూడు బేరింగుల మీద తిరుగుతుంది కాబట్టి గరిష్ఠ వేగంలో ఎక్కువసేపు తిప్పితే దానికి సన్నని పగుళ్లు పడే స్వభావం ఉంది. మా క్రాంక్‌ను చెన్నైకి పంపి, అయస్కాంత పద్ధతిలో పగుళ్ల పరీక్ష చేయించాం. పగుళ్లు లేవని తెలిశాక బేరింగుల్లో తిరిగే భాగాలైన జర్నళ్లను గ్రైండింగు చేయించి, దానికి తగిన బేరింగులు వేశాం.

తిరుపతి ఆటోనగర్‌లోని మా మేస్త్రి అంబాసిడర్ ఇంజన్ల మీద చేయి తిరిగిన మనిషి. అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కాబట్టి ఇంగ్లీషు ఇంజన్ ధోరణి ఆయనకు కొత్త కాదు. అయినా ఈ ఇంజన్ బోల్టుల దగ్గర ఆయనకు వింత ఎదురైంది. బోల్టు తలకు ఆయన పానాలేవీ సరిపోలేదు, విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత పానా మాత్రమే పట్టింది. తల విట్‌వర్త్ అయితే మర కూడా విట్‌వర్తే కావాలి కదా. కాని గేజి పెట్టి చూస్తే మర మెట్రిక్, అదీ మార్కెట్టులో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టుకుండే 1.25 పిచ్ (మర చుట్ల మధ్య దూరం) కాదు, 1.0 పిచ్. "తల ఒక దేశంది, ఒళ్లు ఒక దేశంది సార్," అని మేస్త్రి ఆ బోల్టును పక్క షెడ్డు వాళ్లందరికీ చూపించాడు.

ఆయన మాట అక్షరాలా నిజం. ఫ్రాన్సుకు చెందిన హాచ్‌కిస్ కంపెనీకి ఇంగ్లండులోని కావెంట్రీలో ఒక కర్మాగారం ఉండేది. మోరిస్‌కు ఇంజన్లు చేసిపెట్టిన ఆ కర్మాగారాన్ని మోరిస్ 1923లో కొనేశాడు. అక్కడి యంత్రాలన్నీ మెట్రిక్ మరలు కోసేవి. వాటిని మార్చడం ఖర్చు. కాని ఇంగ్లండు మెకానిక్కుల దగ్గర ఉండేవి విట్‌వర్త్ పానాలు. అందుకని మర మెట్రిక్‌లోనే ఉంచి, తలను మాత్రం విట్‌వర్త్ కొలతకు చేశారు. ఆ పద్ధతి ఈ ఇంజన్ దాకా కొనసాగింది. ఈ సంగతి తెలియక మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా తిప్పితే బ్లాకులోని మర నాశనమవుతుంది. మా బ్లాకులో కూడా ఎప్పుడో ఎవరో అలా పాడుచేసిన రంధ్రాలు ఉన్నాయి. వాటికి కొత్త మర ఉన్న ఇన్సర్టులు వేయించి, కావలసిన బోల్టులను లేత్ షాపులో గట్టి ఉక్కుతో తిప్పించాం. ప్రతి బోల్టునూ మొదట చేత్తోనే చివరిదాకా తిప్పి చూసి, ఆ తర్వాతే పానా పెట్టాం.

హెడ్డు పోత ఇనుముది. ఆ కాలపు పెట్రోలులో ఉండే సీసం వాల్వ్ సీట్లకు రక్షణగా పనిచేసేది. నేటి పెట్రోలులో సీసం లేదు కాబట్టి, ఘాటు మీద ఎక్కువసేపు బరువు లాగితే మెత్తటి సీట్లు అరిగి లోపలికి కుంగుతాయి. అందుకని ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు కూర్పించాం. మా కారు ఇంజన్‌కు వాల్వ్ సందు (వాల్వుకూ దాన్ని తోసే రాకరుకూ మధ్య ఉండే ఖాళీ), ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, ఒక అంగుళంలో వెయ్యింట 19 వంతులు. ఇప్పటి ఇంజన్లతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ కాబట్టి కుట్టుమిషన్ నడిచినట్టు టకటక శబ్దం వస్తుంది. ఆ శబ్దం విని సందు తగ్గించాలని చూసేవారు కనిపిస్తారు. తగ్గించకూడదు. సందు తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

క్రాంక్ వెనుక వైపు రబ్బరు సీలు లేదు, నూనెను వెనక్కి తోసే మర గాడి మాత్రమే ఉంది. ఇంజన్ ఆపాక అక్కడి నుంచి కొన్ని చుక్కలు కారతాయి. కొత్త రకం సీలు అమర్చే మార్గాలు ఉన్నా, బ్లాకును కోయవలసి వస్తుంది కాబట్టి నేను ఒప్పుకోలేదు. కింద ఒక పళ్లెం పెడితే సరిపోయే విషయానికి పాత బ్లాకుకు గాటు పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

సెప్టెంబరు: బ్రేకులు

లాక్‌హీడ్ హైడ్రాలిక్ బ్రేకులు, 9 అంగుళాల డ్రమ్ములు. ముందు చక్రాల్లో డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే రెండు షూలకూ వేర్వేరు సిలిండర్లు ఉంటాయి. డ్రమ్ము ముందుకు తిరిగేటప్పుడు రెండు షూలనూ తనవైపు లాక్కుంటుంది కాబట్టి ముందుకు పోతున్నప్పుడు పట్టు బాగుంటుంది. వెనక్కి జారేటప్పుడు ఆ సాయం ఉండదు. ఘాటులో లారీ వెనుక ఆగవలసి వస్తే చేతి బ్రేకు మీద కూడా నమ్మకం ఉండాలని దీనివల్లనే అర్థమైంది. సిలిండర్లలో గుంతలు పడ్డాయి. వాటిని బోరు చేయించి స్టెయిన్‌లెస్ స్లీవులు దించాం. గొట్టాలన్నీ కొత్తవి. పాత లైనింగులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, సంచీలో కట్టి తీసేశాం. పాత కార్ల పని చేసే ప్రతి షెడ్డులోనూ ఈ ఒక్క జాగ్రత్త తప్పనిసరి కావాలి.

అక్టోబరు: కరెంటు

వానల వల్ల పని నెమ్మదించింది. ఈ కారులో బ్యాటరీ పాజిటివ్ కొన ఛాసిస్‌కు కలుస్తుంది. ఇప్పటి కార్లకు ఇది తలకిందులు. ఆ అమరికను మార్చలేదు. డైనమోను కూడా అలాగే ఉంచి, బ్రష్షులు మార్చి, కంట్రోలు బాక్సు పాయింట్లు శుభ్రం చేశాం. గుడ్డ తొడుగు తీగలు విరిగి రాలుతుండడంతో అదే రంగుల్లో కొత్త తీగలు లాగాం. హైవే మీద వెనుక వచ్చే లారీ డ్రైవరుకు మన ఉద్దేశం తెలియాలి కాబట్టి, పసుపు రంగు మలుపు దీపాలు చిన్నవి చేర్చాం. మూలరూపానికి ఇది భంగమని ఎవరైనా అంటే ఆ మాట నేను ఒప్పుకుంటాను. ప్రాణం కంటే మూలరూపం ఎక్కువ కాదు.

నవంబరు: పెట్రోలు, కార్బురేటర్లు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1951 నాటి కారుకు దీనివల్ల రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, పాత రబ్బరు, కార్కు, వార్నిషు ఇథనాల్‌కు తట్టుకోలేవు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లలో, పెట్రోలు వచ్చే సన్నని గొట్టమైన జెట్టు చుట్టూ ఉండే చిన్న కార్కు వలయాలు గట్టిపడి, పెట్రోలు కారడం మొదలవుతుంది. ఆ చుక్కలు పడే చోటికి కిందనే ఎగ్జాస్ట్ ఉంటుంది. అందువల్ల కార్కు స్థానంలో ఇథనాల్‌ను తట్టుకునే సింథటిక్ వలయాలు వేసి, పైపులను కూడా అదే రకానికి మార్చాం. రెండవది, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టు అమరికతో మిశ్రమం పలుచబడుతుంది. పలుచని మిశ్రమంతో ఘాటు ఎక్కితే ఇంజన్ వేడెక్కుతుంది, వాల్వులు కాలుతాయి.

జెట్టు కింద ఆరు ముఖాల నట్టు ఉంటుంది. దాన్ని ఒక్కొక్క ముఖం చొప్పున కిందికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. సరిపోయిందో లేదో చూసుకోవడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. ఇంజన్ వేడెక్కి నిలకడగా తిరుగుతున్నప్పుడు, కార్బురేటర్‌లోని పిస్టన్‌ను సన్నని స్క్రూడ్రైవరుతో ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ పైకెత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కగా ఉందని, తడబడి ఆగబోతే పలుచగా ఉందని, ఒక్క క్షణం పెరిగి వెంటనే మునుపటి వేగానికి వస్తే సరిగ్గా ఉందని తెలుసుకోవాలి. రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చాలంటే, రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకొని, రెండో కొనను ఒకదాని తర్వాత ఒకటిగా రెండింటి నోళ్ల దగ్గరా పెట్టి, వినిపించే బుస ఒకే స్థాయిలో ఉండేదాకా సర్దాలి. మేస్త్రి కళ్లు మూసుకొని వింటూ, రెండో కార్బురేటర్ వైపు వేలు చూపి, "ఇది కొంచెం ఎక్కువ తాగతా ఉంది," అనేవాడు. నేను మర కొద్దిగా తిప్పేవాణ్ణి. ఈ పనిలో గడిపిన మధ్యాహ్నాలంత తృప్తి నాకు ప్రాజెక్టు మొత్తంలో మరెక్కడా దొరకలేదు.

కార్బురేటర్లకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య అల్యూమినియం రేకు అడ్డుపెట్టాం. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజన్ ఆగిపోయే ప్రమాదాన్ని అది కొంత తగ్గిస్తుంది.

డిసెంబరు: భాకరాపేట ఘాటు మీద పరీక్ష

మొగిలికి పోయే ముందు దగ్గరలోని భాకరాపేట ఘాటు మీద పరీక్షించాలనుకున్నాం. తిరుపతి నుంచి చంద్రగిరి, రంగంపేట మీదుగా పీలేరు వైపు పోయే దారి అది. మలుపులు మొగిలి కన్నా బిగువుగా ఉంటాయి, వేగం తక్కువ, గాలి తక్కువ. రేడియేటర్‌కు నిజమైన పరీక్ష అదే.

టీడీ రేడియేటర్‌కు ఒత్తిడి మూత లేదు. నీరు ఆరుబయట గిన్నెలో మరిగే ఉష్ణోగ్రత దగ్గరే ఇందులోనూ మరుగుతుంది. పైగా 300 మీటర్ల ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే పలమనేరు దగ్గర నీరు 98 డిగ్రీల లోపే మరుగుతుంది. ఇంజన్‌కు ఎక్కువ చాకిరీ పడే చోటనే మనకున్న ఆసరా రెండు డిగ్రీలు తగ్గుతుందన్నమాట. అందుకే అసలు డొక్కును ఉంచి, లోపలి కోరును మాత్రం ఎక్కువ వరుసల గొట్టాలతో కొత్తగా చేయించాం. బ్లాకు పక్క మూతలు తీసినప్పుడు నాలుగో సిలిండర్ చుట్టూ తుప్పు బురద పేరుకొని గట్టిపడి ఉంది. దాన్ని తీగతో గీకి, నీటి ఒత్తిడితో కడిగాం. కొత్త రేడియేటర్ వేసి ఆ బురదను వదిలేస్తే నాలుగో సిలిండర్ ఎప్పటిలాగే ఉడికేది. డ్యాష్‌బోర్డు కింద విడిగా ఒక ఉష్ణోగ్రత మీటరు బిగించాం.

భాకరాపేట ఎక్కుతుంటే ముల్లు 90 దాటి, పైకి చేరేసరికి 94 దగ్గర ఆగింది. మరగలేదు. కాని ఇంత చల్లని ఉదయమే 94 అంటే నాకు మనసొప్పలేదు. ఫ్యాను ముందు భాగం నుంచి వచ్చే గాలి కోరు పక్కల నుంచి తప్పించుకుపోతున్నదని గమనించి, రేడియేటర్ డొక్కుకూ కోరుకూ మధ్య సందులను నురుగు పట్టీలతో మూసేశాం. మళ్లీ అదే ఘాటు, అదే గేరు, అదే వేళ; ముల్లు 89 దాటలేదు. కొత్త భాగం ఏదీ కొనకుండా ఐదు డిగ్రీలు తగ్గింది. టీడీ నడిపేవారు ఇంకేమీ చేయకపోయినా ఈ పట్టీలు మాత్రం వేసుకోవాలని చెబుతాను.

జనవరి: కాగితాలు

50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ కింద నమోదు చేసే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఇంతకు ముందే నమోదైన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఇలా నమోదైన కారును రోజువారీ పనులకు వాడకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే తిప్పాలి. ఇన్సూరెన్స్, కాలుష్య పరీక్ష పత్రం చేతికొచ్చాక తేదీ ఖాయం చేసుకున్నాం.

ఫిబ్రవరి: ప్రయాణం

మా బావమరిది తోడు వచ్చాడు. తెల్లవారకముందే తిరుపతి వదిలి, చంద్రగిరి కోట మసగ్గా కనిపిస్తుండగా చిత్తూరు దారి పట్టాం. నాలుగో గేరులో ఇంజన్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే టీడీ గంటకు దాదాపు 23 కిలోమీటర్లు పోతుంది. 70 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజన్ 3,000 చుట్లకు కాస్త పైన, ఏ ఆయాసమూ లేకుండా తిరుగుతుంది. అదే వేగానికి కట్టుబడి ఎడమ లైనులోనే నడిపాం. నిటారుగా నిలిచే అద్దం, ముందుకు సాగిన పొడవైన బానెట్టు, దానికి అటూ ఇటూ రెండు దీపాల గిన్నెలు. ఆ గిన్నెల వెనుక వంపులో తెల్లవారే ఆకాశం కనిపిస్తూ ఉంటే స్టీరింగ్ చక్రం మీది చేతులకు రోడ్డు మీది ప్రతి చిన్న రాయి తెలుస్తుంది.

పూతలపట్టు దాటి చిత్తూరు చేరేసరికి ఎండ పొడిచింది. అక్కడ నూనె చూసుకొని, టిఫిను చేసి బయలుదేరాం. బంగారుపాళ్యం దగ్గర మామిడి తోటలన్నీ పూత మీద ఉన్నాయి. మొగిలి ఊరు దాటాక రోడ్డు పైకి లేవడం మొదలుపెట్టింది.

ఘాటు మొదట్లోనే మూడో గేరులోకి దించాను. నాలుగులో లాగవచ్చు గాని, తక్కువ చుట్ల మీద ఇంజన్‌ను బరువు లాగిస్తే నీటి పంపూ ఫ్యానూ కూడా నెమ్మదిగా తిరుగుతాయి, వేడి పెరుగుతుంది. మూడులో 3,000 చుట్ల దగ్గర ఉంచితే రెండూ సరిగ్గా పనిచేస్తాయి. బావమరిది మీటరు మీదనే చూపు పెట్టి, "ఎనభై ఆరు బావా... ఎనభై ఎనిమిది..." అని చెబుతూ వచ్చాడు. ముందు గ్రానైటు బండల లారీ ఒకటి నడక వేగంతో ఎక్కుతోంది. కుడి లైను ఖాళీ అయ్యేదాకా రెండో గేరులో దాని వెనుకే ఉండవలసి వచ్చింది. ముల్లు 91కి చేరింది. దారి దొరకగానే దాటాం, గాలి తగలగానే రెండు డిగ్రీలు దిగింది. ఆయిలు ఒత్తిడి చదరపు అంగుళానికి 50 పౌండ్ల దగ్గర కదలకుండా నిలిచింది. ఏనుగులు దాటే చోటని హెచ్చరించే బోర్డులు దాటి పలమనేరు చేరాక, రోడ్డు పక్కన కారు ఆపి బానెట్టు రెక్కలు రెండూ ఎత్తి చూస్తే ఎక్కడా నీటి చుక్క లేదు, పెట్రోలు వాసన లేదు. నాకు కళ్లు చెమర్చాయి.

నంగిలి దాటి ముళబాగిలు చేరేలోపు ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. స్విచ్ వేస్తే ఎస్‌యూ పెట్రోలు పంపు టిక్ టిక్ శబ్దం రాలేదు. ఈ పంపులో కరెంటుతో కలిసి విడిపోయే పాయింట్లు ఉంటాయి, వాటి మీద పొర పట్టినప్పుడు కరెంటు పారదు. పానా పిడితో పంపు మీద మెల్లగా తట్టగానే శబ్దం మళ్లీ మొదలైంది. తట్టి నడిపించడం తాత్కాలికమే కాబట్టి, అక్కడే మూత విప్పి, సన్నని ఎమెరీ కాగితాన్ని పాయింట్ల మధ్య లాగి, గుడ్డతో తుడిచి బిగించాం. ఆ తర్వాత తిరిగి తిరుపతి చేరేదాకా అది మళ్లీ మొరాయించలేదు.

కోలారు దాటి హొసకోటె దగ్గర ట్రాఫిక్కులో వేడి 93 దాకా పోయింది. ఘాటు కన్నా నగరమే ఈ కారుకు కష్టమని అక్కడ తేలింది.

సమావేశం

నగర శివార్లలో ఒక పెద్ద మైదానంలో కార్లు నిలిపారు. 3.4 లీటర్ల ఇంజన్‌తో 1948లో లోకాన్ని ఆశ్చర్యపరిచిన జాగ్వార్ ఎక్స్‌కే 120 ఒకటి ఉంది. మోరిస్ మైనర్లు, ఒక ఎంజీబీ ఉన్నాయి. అయితే నేను ఎక్కువసేపు నిలబడింది ఒక స్టాండర్డ్ హెరాల్డ్ దగ్గర. ఇటలీ కార్ల రూపశిల్పి జొవాన్నీ మికెలొట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుంచి తయారుచేశారు. ఆ కారు ముందు భాగమంతా, ఫెండర్లతో సహా, ఒకే మూతగా ముందుకు వాలిపోతుంది. టైరు మీద కూర్చొని ఇంజన్ పని చేసుకోవచ్చు. దాని యజమాని ఒక పెద్దాయన, వేలూరు నుంచి నడుపుకుంటూ వచ్చారు. పేర్ణాంబట్టు దారిలో ఘాటు ఎక్కేటప్పుడు వేడి ఎంత చూపించిందని నేను అడిగాను. ఆయన తన జేబులోని చిన్న పుస్తకం తీసి చూపించారు. అందులో ఊరి పేరు, కిలోమీటరు, ఉష్ణోగ్రత వరసగా రాసి ఉన్నాయి. మేమిద్దరం మీటర్ల లెక్కలు పోల్చుకుంటూ భోజనం మాట మరిచిపోయాం.

లారీల మీద వచ్చిన కార్లు చాలా ఉన్నాయి. వాటి రంగు అద్భుతంగా ఉంది, ఆ పనితనానికి నమస్కారం చేయాల్సిందే. అయితే బహుమతులు రంగునూ అలంకారాన్నీ చూసి ఇచ్చారు, నడుపుకుంటూ వచ్చిన కార్లకు విడిగా ఏ గుర్తింపూ లేదు. ఒక కారు నూరు కిలోమీటర్లు నడిచి వచ్చిందంటే దాని బేరింగులు, బ్రేకులు, కూలింగు అన్నీ సజీవంగా ఉన్నాయని అర్థం. ఆ పనిని కంటితో చూడలేం కాబట్టే దానికి ప్రత్యేకంగా విలువ కట్టాలి. వచ్చే ఏడాది నుంచి ఆ విభాగం పెట్టమని నిర్వాహకులకు నేనూ ఆ పెద్దాయనా కలిసి ఒక ఉత్తరం రాసి ఇచ్చాం.

తిరుగు ప్రయాణం, ఆ తర్వాతి పని

వచ్చేటప్పుడు మొగిలి ఘాటును ఎక్కిన గేరులోనే, అంటే మూడులోనే దిగాం. బ్రేకు మీద కాలు అదిమి పెట్టి ఉంచకుండా, గట్టిగా కొద్దిసేపు తొక్కి వదిలేస్తే డ్రమ్ములకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. కింద ఆగి ముట్టుకొని చూస్తే ముందు డ్రమ్ములు రెండూ ఒకే వేడితో ఉన్నాయి గాని, వెనుక ఎడమది కుడిదాని కన్నా చల్లగా ఉంది. అంటే ఆ చక్రం తన వాటా పని చేయడం లేదన్నమాట.

తిరుపతి చేరాక విప్పి చూశాం. వెనుక ఎడమ సిలిండర్ గూట్లో జరగవలసిన చోట బిగుసుకుంది. దాన్ని విప్పి జరిగే ముఖాలు రుద్ది, బ్రేకు గ్రీజు రాసి బిగించాం. వాల్వ్ సందులు మళ్లీ కొలిస్తే ఎగ్జాస్ట్ వైపు మార్పేమీ లేదు, కాబట్టి గట్టి సీట్లు తమ పని చేస్తున్నాయి. ఆచారి గారు వచ్చి తలుపు సందులో బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి జరిపి చూసి, కుడి తలుపు పై బందు మర ఒక్క చుట్టు బిగించమన్నారు, బిగించాం. ఆయిలు మార్చాం. పెట్రోలు పంపుకు కొత్త పాయింట్ల సెట్టు తెప్పించాం, వచ్చే వారం వేస్తాం. హొసకోటె ట్రాఫిక్కు కోసం ఫ్యానుకు ఎక్కువ రెక్కలది ఒకటి ప్రయత్నించాలని మేస్త్రి అంటున్నాడు. పాత ఫ్యాను బరువు తూచి, దాన్ని మించకుండా అల్యూమినియంతో నమూనా ఒకటి కోయిస్తున్నాం. ఎండలు ముదరకముందే దాన్ని భాకరాపేట ఘాటు మీద పరీక్షించాలి.